ఒకే కథ మూడుసార్లు

మా కోడలు నన్ను టోక్యోలో ఏ గుడికో, ఏ తోటకో తీసుకువెడుతుందనుకున్నాను. ఆ శనివారం నాడు ఆమె తీసుకువెళ్ళింది ఒక నవలాకారుడి అభిమానుల దగ్గరికి! సినిమా నటులకు అభిమానులుండడం మనం ఎరుగుదుం. కొత్త నవల వస్తున్నదంటే అర్ధరాత్రివేళ పుస్తకాల షాపు ముందు బారులు తీరి నిలబడే మనుషులతో కలిసి కాఫీ తాగడం మాత్రం నాకు అదే మొదలు.

ఇది 2025 ఏప్రిల్ నాటి మాట. మావాడు టోక్యోలో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తున్నాడు. కాపురం నిషికసాయి అనే పేటలో. ఆ పేటలో మన దేశంవాళ్ళు ఎంతమందంటే, కందిపప్పుకూ కరివేపాకుకూ లోటు లేదు. వెళ్ళిన కొత్తలో “రెండేళ్ళమ్మా, వచ్చేస్తాం” అన్నాడు. ఆ రెండేళ్ళూ తొమ్మిదేళ్ళయినాయి. రాజమండ్రిలో ఇల్లు కనిపెట్టుకుని నేను ఉన్నాను. ఏటా సున్నం వేయిస్తున్నాను. ఎప్పుడు వస్తారని నేను అడగడం, “ఇంకో రెండేళ్ళు” అని వాడు అనడం మామూలయిపోయింది. ఈసారి వెళ్ళినప్పుడు ఆ సంగతి నేనూ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు.

మనవడు బడికి వెళ్ళిపోతే పగలంతా నాకు తోచదు. అది కనిపెట్టి మా కోడలు ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం నా చేతిలో పెట్టింది. హరూకి మురకామి రాసిన “ది సిటీ అండ్ ఇట్స్ అన్‌సర్టెన్ వాల్స్”. అంటే ఒక ఊరూ, ఉన్నాయో లేవో తేలని దాని గోడలూ అనుకోండి. జపాను భాషలో 2023 ఏప్రిల్ 13న వచ్చింది. ఫిలిప్ గేబ్రియల్ చేసిన ఇంగ్లీషు అనువాదం 2024 నవంబరులో వచ్చింది. “నిద్ర వస్తే నిద్రపోండి అత్తయ్యా, ఆయనేమీ అనుకోరు” అన్నది. మూడు వారాలు పట్టింది. నిద్ర రాలేదని చెప్పను గాని, విడిచిపెట్టడమూ చేతకాలేదు.

ఈ మురకామి చరిత్ర కూడా కథలాంటిదే. 1949లో క్యోటోలో పుట్టారు. తల్లీ తండ్రీ ఇద్దరూ జపాను సాహిత్యం బోధించినవాళ్ళు. అటువంటి ఇంటి పిల్లవాడు అమెరికా డిటెక్టివు నవలలూ, జాజ్ సంగీతమూ పట్టుకున్నాడు. చదువు పూర్తికాకముందే పెళ్ళి చేసుకున్నాడు. 1974లో భార్యాభర్తలిద్దరూ అప్పులు చేసి ఒక చిన్న జాజ్ కాఫీ దుకాణం పెట్టారు. రాత్రిపూట మద్యం కూడా అమ్మేవారు. దానికి తమ పిల్లి పేరు పెట్టారు, “పీటర్ క్యాట్” అని. 1968లో చేరిన వసేదా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేతికి వచ్చింది 1975లో. ఇలాంటి అల్లుణ్ణి మనం ఎవరమైనా చేసుకునేవాళ్ళమా?

1978 ఏప్రిల్ 1న ఆయన జింగూ స్టేడియంలో బేస్‌బాల్ ఆట చూస్తున్నారు. పచ్చికమీద కూర్చుని బీరు తాగుతూ ఉండగా, హిల్టన్ అనే అమెరికా ఆటగాడు బంతిని ఫెడీమని కొట్టాడు. ఆ క్షణంలో “నేను కూడా నవల రాయగలను” అనిపించిందట. ఎందుకనిపించిందో ఆయనకే తెలియదు. ఆట అయిపోయాక షింజుకులో కాగితాలూ, ఒక ఫౌంటెన్ పెన్నూ కొనుక్కుని ఇంటికి వెళ్ళారు. దుకాణం కట్టేశాక రాత్రిళ్ళు వంటింటి బల్లమీద రాసిన ఆ నవల 1979లో ఒక పత్రిక కొత్త రచయితలకు ఇచ్చే బహుమతి తెచ్చుకున్నది. మొదటి పేజీలు ముందు ఇంగ్లీషులో రాసుకుని, తానే తిరిగి జపాను భాషలోకి మార్చారట. తమ భాషలో రాయబోతే బడిలో నేర్చిన అలంకారాలన్నీ అడ్డం పడుతున్నాయని! పెద్దలకిది రుచించలేదు. వెన్న కంపు కొడుతున్నదన్నారు. పాశ్చాత్య వాసన వేస్తున్నదని వాళ్ళ ఎత్తిపొడుపు. అక్కడ పేరుమోసిన అకుతగవా బహుమతి ఆయన గడపదాకా రెండుసార్లు వచ్చి వెనక్కి పోయింది.

సరే, ఆ శనివారం. నిషికసాయిలో రైలెక్కితే మారకుండా వసేదాలో దిగవచ్చు. విశ్వవిద్యాలయం ఆవరణలో 2021 అక్టోబరులో ఆయన పేర ఒక గ్రంథాలయం తెరిచారు. పాత కళాశాల భవనాన్నే కెంగో కుమా అనే శిల్పి తిరిగి దిద్దాడు. వాకిట్లో కొయ్యపలకలతో చేసిన సొరంగం వంటి పందిరి. లోపల మెట్లకు ఇరువైపులా పైకప్పుదాకా పుస్తకాల అలమరలు. మెట్లమీదే కూర్చుని చదువుకుంటున్నారు పిల్లలు. కింద విద్యార్థులే నడిపే కాఫీ దుకాణం ఉన్నది. అందులో పీటర్ క్యాట్‌నాటి పియానో పెట్టారు. ఆయన రాసుకునే గదిని బల్లతో, కుర్చీతో, గ్రామఫోను రికార్డులతో సహా అచ్చం అలాగే మరొకటి కట్టారు. పక్కనే షేక్స్పియరును జపాను భాషలోకి తెచ్చిన త్సుబోఉచి షోయో పేర 1928లో కట్టిన నాటక ప్రదర్శనశాల ఉన్నది. క్లాసులు ఎగ్గొట్టి ఈయన నాటకాలూ సినిమా కథలూ చదువుకున్నది అక్కడేనట.

రాతప్రతులూ, రికార్డులూ విశ్వవిద్యాలయానికి ఇచ్చేస్తున్నట్టు ఆయన 2018లో పత్రికలవారితో చెప్పారు. తమకు పిల్లలు లేరు, తరవాత ఇవన్నీ చెల్లాచెదరయితే కష్టం అన్నారట. మా కోడలు ఈ సంగతి చెప్పినప్పుడు నాకు మా ఇంట్లో అటకమీది బోషాణం జ్ఞాపకం వచ్చింది.

అక్కడినుంచి దగ్గరలోనే ఒక పాతకాలపు కాఫీ హోటలుకు వెళ్ళాం. నెలకొకసారి అక్కడ ఆరేడుగురు కూడి మురకామి పుస్తకాలను గురించి మాట్లాడుకుంటారు. మా కోడలు రెండేళ్ళుగా వెడుతున్నది. జపాను భాష ఆమెకు బాగా పట్టుబడింది ఆయన నవలలు చదివేనట. నన్ను చూసి అందరూ లేచి వంగి దణ్ణాలు పెట్టారు. నేనూ వంగాను. వాళ్ళు మళ్ళీ వంగారు. ఇది ఎక్కడ ఆపాలో తెలియక నేనే ముందు కూర్చున్నాను.

బ్యాంకు ఉద్యోగం చేసి విరమించిన ఒక పెద్దాయన, పూలకొట్టు నడిపే ఒక ఆమె, పోస్టాఫీసులో పనిచేసే నలభై ఏళ్ళ మనిషి, కాలేజీ అమ్మాయి ఒకతె, ఇంకా ఇద్దరు ముగ్గురు. వీళ్ళను “హరుకిస్టులు” అంటారట. ఆ పేరు మురకామికి నచ్చదు, తేలికగా ఉంది, “మురకామివాదులు” అనండి అన్నారట. ఆయన సభలకు రావడం, టీవీలో కనపడడం అరుదు. కాని 2015లో పాఠకులు ప్రశ్నలు పంపితే జవాబిస్తామని ప్రకటిస్తే 37 వేల పైచిలుకు ఉత్తరాలు వచ్చాయి. అన్నీ తానే చదివి, 3,700 పైచిలుకు వాటికి జవాబు రాశారు. పోస్టాఫీసాయన ఉత్తరం ఆ జవాబు రానివాటిలో ఉంది. పదేళ్ళయినా ఆయనకు ఆ దుఃఖం తీరలేదు.

నోబెల్ బహుమతి సంగతి అడిగాను. అందరూ నవ్వారు. ఏటా అక్టోబరులో బహుమతి ప్రకటించే రాత్రి, ఆయన పాత దుకాణం ఉండిన సెందగాయా పేటలో, హతోనోమొరి హచిమన్ గుడి ఆవరణలో అభిమానులు చేరి ఎదురుచూడడం చాలా ఏళ్ళుగా వస్తున్న ఆచారం. ప్రతిసారీ ఇంకెవరి పేరో వినపడుతుంది. 2017లో ఇషిగురో పేరు వచ్చింది. నాగసాకిలో పుట్టి ఇంగ్లండులో పెరిగినాయన గదా, మనవాడే లెమ్మని ఆ జనం ఆయనకే జేజేలు కొట్టారు. పెళ్ళికొడుకు మారినా విస్తళ్ళు వేయడం మానలేదన్నమాట.

ఇక అసలు గొడవ కొత్త నవలను గురించి. కొంత కథ చెప్పక తప్పదు. చదవబోయేవారు కోప్పడకూడదు.

పదిహేడేళ్ళ కుర్రవాడికి పదహారేళ్ళ పిల్లతో స్నేహం. ఆ పిల్ల చెబుతుంది, ఎత్తయిన గోడ చుట్టూ ఉన్న ఒక ఊళ్ళో నేను ఉన్నాను, ఇక్కడ ఉన్నది నా నీడ మాత్రమే అని. ఆ ఊళ్ళో గడియారానికి ముళ్ళు లేవు. గ్రంథాలయంలో పుస్తకాలకు బదులు పాత కలలు ఉంటాయి. ఊళ్ళోకి పోవాలంటే ద్వారపాలకుడికి నీడను అప్పగించాలి. ఒకనాడు ఆ పిల్ల మాయమవుతుంది. కుర్రవాడు పెళ్ళి లేకుండా నడివయసుకు వచ్చి, ఒకనాడు ఆ ఊళ్ళో పడతాడు. అక్కడ కలలు చదివే ఉద్యోగం. ఆ పిల్ల పదహారేళ్ళ ఈడులోనే ఉన్నది, కాని ఇతన్ని ఎరగదు. ఆ తరవాత ఇతను మళ్ళీ మన లోకంలోకి వచ్చి, టోక్యోలో పని మానుకుని, ఫుకుషిమా కొండల్లో ఒక చిన్న గ్రంథాలయానికి అధికారిగా పోతాడు. అక్కడ లంగా కట్టుకుని తిరిగే ఒక ముసలాయన పరిచయమవుతాడు. ఆయన దయ్యమని తరవాత తెలుస్తుంది. ఇంత మంచి దయ్యాన్ని నేనెక్కడా చూడలేదు. పోస్టాఫీసాయనది ఫుకుషిమాయే. “ఆ గ్రంథాలయంలో కట్టెల పొయ్యి పక్కన కూర్చునే చలి ఉన్నదే, అది మా ఊరి చలి” అన్నాడు.

విశేషమేమంటే ఈ కథ కొత్తది కాదు. 1980లో, 31 ఏళ్ళ వయసులో, మురకామి ఇదే పేరుతో ఒక చిన్న నవల పత్రికలో వేశారు. వేశాక మనసు కుదరలేదు. పుస్తకంగా తిరిగి అచ్చువేయనివ్వలేదు. 1985లో దాన్నే వేరే కథతో జడలాగ అల్లి “హార్డ్‌బాయిల్డ్ వండర్‌లాండ్” అనే పెద్ద నవల చేశారు. తనిజాకి బహుమతి కూడా వచ్చింది. అయినా ఆ మొదటి కథ గొంతులో గుచ్చుకున్న చేపముల్లులా ఉండిపోయిందని ఆయనే కొత్త పుస్తకం చివర రాసుకున్నారు. 2020 మార్చిలో కరోనా వచ్చి లోకమంతా తలుపులు మూసుకుంటూ ఉండగా, 71 ఏళ్ళ వయసులో మళ్ళీ మొదలుపెట్టి దాదాపు మూడేళ్ళు రాశారు.

“చెప్పిందే చెప్పాడు. నలభై ఏళ్ళు చదివినవాళ్ళం, మాకు తెలియదా?” అన్నాడు బ్యాంకు పెద్దాయన. ఆయన సంచిలోంచి 1985 నాటి పుస్తకం తీశాడు. గులాబిరంగు అట్టపెట్టెలో ఇంకా నలగకుండా ఉంది. “ఇది ఉండగా అది ఎందుకు?”

“ముగింపు మారింది గదండీ” అన్నది పూలకొట్టామె.

ఇక్కడే వాదం పాకాన పడింది. 1980 నాటి కథలో నాయకుడు తన నీడను వెంటబెట్టుకుని గోడ దాటి బయటికి వచ్చేస్తాడు. 1985 దానిలో నీడను పంపేసి తాను ఉండిపోతాడు. ఆ ఊరు తన మనసే కట్టుకున్నదని తెలుసుకుని, కట్టుకున్నవాణ్ణి విడిచిపెట్టి పోవడం ధర్మం కాదంటాడు. 2023లో, పుస్తకాలన్నీ కంఠతా పట్టిన ఒక మాటలాడని కుర్రవాడు ఆ ఊళ్ళోకి వస్తాడు. కలలు చదివే పని అతనికి అప్పగించి నాయకుడు బయలుదేరుతాడు. ముప్ఫై ఒకటిలో పారిపోయాడు, ముప్ఫై ఆరులో ఉండిపోయాడు, డెబ్భై నాలుగులో వారసుణ్ణి చూసుకుని లేచాడు అని పోస్టాఫీసాయన వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు.

“ఆ పదహారేళ్ళ పిల్ల ఏమయిందో ఎవరికీ పట్టదా?” అన్నది కాలేజీ అమ్మాయి. అంతదాకా ఆమె నోరెత్తలేదు. “మూడుసార్లు రాశారు. మూడుసార్లూ మాయమయింది. ఆయన నవలల్లో ఆడవాళ్ళు వస్తారు, మగవాడికి దోవ చూపిస్తారు, పోతారు.” ఇది ఆ అమ్మాయి ఒక్కతె అంటున్న మాట కాదు. కవకామి మియేకో అనే పేరున్న రచయిత్రి ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి ఇదే అడిగింది. ఆ సంభాషణలు 2017లో పుస్తకంగా వచ్చాయి. ఆ మాటకొస్తే నాకూ చదువుతున్నంతసేపూ అదే అనిపించింది. ఆ పిల్లకు తల్లి ఉంటే ఎన్ని గుమ్మాలు తొక్కేది!

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. పూలకొట్టామె ఆపింది. “నిజమే. అయినా నేను చదివింది ఆమె కోసమే” అని ఊరుకున్నది. కాసేపయ్యాక మా కోడలితో మెల్లగా తన సంగతి చెప్పింది. 1987లో “నార్వీజియన్ వుడ్” రెండు సంపుటాలుగా వచ్చింది. మొదటిది ఎరుపు, రెండోది పచ్చ. లక్షలమీద లక్షలు అమ్ముడుపోయింది. అప్పుడామెకు ఇరవై ఏళ్ళు. డబ్బు చాలక పచ్చది ఒక్కటే కొన్నది. ఎర్రది ఉన్న కుర్రవాడు క్లాసులో ఉన్నాడు. ఆ తరవాత రెండు సంపుటాలూ ఒకే అలమరలోకి చేరాయి. ఆ కుర్రవాడు పోయి ఇప్పటికి మూడేళ్ళు.

ఎవరమూ ఏమీ అనలేదు. హోటలాయన రికార్డు మార్చాడు.

పెద్దాయన నా వైపు తిరిగి, మీ దేశంలో నవలలకోసం ఇలా ఎదురుచూస్తారా అని అడిగాడు. నాకు ఉత్సాహం వచ్చింది. నా చిన్నప్పుడు వారపత్రిక వచ్చేరోజు మా వీధి ఎలా ఉండేదో చెప్పాను. పత్రిక ముందు మా అమ్మ చేతిలో పడాలి, తరవాత మా పిన్ని, ఆ తరవాతే మేము. పక్కింటివాళ్ళు కాఫీపొడికని వచ్చి ఈ వారం ఏమయిందని అడిగి పోయేవారు. సీరియల్ పేజీలు విడదీసి దాచి, నవల పూర్తికాగానే దబ్బనంతో కుట్టి, పాత కాలెండరు అట్ట వేసి ఇంట్లోనే పుస్తకం చేసేవాళ్ళం. మధ్యలో ఒక వారం పేజీలు పోతే ఆ సందు ఎన్నేళ్ళయినా సందే. కుట్టడం ఎలాగో చేతులతో చూపించాను. పోస్టాఫీసాయన తన నోటుబుక్కులో దారం బొమ్మ గీసుకున్నాడు. ఆ పుస్తకాలు ఇంకా ఉన్నాయా అని కాలేజీ అమ్మాయి అడిగింది. ఉన్నాయన్నాను, అటకమీద బోషాణంలో.

చీకటి పడుతుండగా రైలెక్కాం. చాలా దూరం ఆ రైలు భూమిలోపలే పోతుంది. మినామి సునామచి దాటాక పైకి వచ్చి అరకవా నది వంతెన ఎక్కుతుంది. పెద్ద నదే. మా గోదావరి వంతెన చూసిన కళ్ళకు ఆనదనుకోండి.

“ఇంతకీ మీకే ముగింపు నచ్చింది అత్తయ్యా?” అన్నది మా కోడలు.

“ఇప్పటిదే. చూసేవాణ్ణి ఒకణ్ణి పెట్టి మరీ బయలుదేరాడు. మరి నీకో?”

“నాకు 1985 దే.” కిటికీలోంచి నీళ్ళను చూస్తూ అన్నది. “తను కట్టుకున్న ఊరు విడిచి ఎలా పోతాడు?”

వంతెన దాటేదాకా ఇద్దరమూ మాట్లాడలేదు. ఆ తరవాత ఆమే అన్నది. “ఇల్లు చూశాం అత్తయ్యా. బ్యాంకుకు కాగితాలు పెట్టారు. మీకెలా చెప్పాలో తెలియక మీ అబ్బాయి పదిరోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు.”

వాడు తినకపోవడం నేనూ గమనించాను. ఇక్కడి బియ్యం పడలేదేమో అనుకున్నాను.

స్టేషను వచ్చింది. దిగాం. మెట్లు దిగుతూ, “సింహద్వారం ఎటు?” అని అడిగాను.

“తూర్పే.”

“వంటిల్లో?”

“చిన్నది. ఇద్దరం నిలబడవచ్చు.”

ఆ రాత్రి వాడికి పప్పుచారు చేసిపెట్టాను. రెండుసార్లు వడ్డించుకున్నాడు.

నేను రాజమండ్రి తిరిగి వచ్చేనాడు మా కోడలు ఆ 1985 నవల ఇంగ్లీషు ప్రతి పెట్టెలో పెట్టింది. ముగింపు ముందే తెలిసిపోయిందిగా, అయినా చదువుతున్నాను. ఇంకా సగంలో ఉన్నాను. ఈలోగా అటకమీది బోషాణం దింపించాను. మా కుట్టుపుస్తకాల్లో నాలుగింటికి చెదపట్టింది. తక్కినవి ఎండలో పెట్టాను. వచ్చే సెలవులకు వాళ్ళు వచ్చినప్పుడు రెండు తీసుకువెడతానంటున్నది.